17.5 టర్నుల మోటారు, దాని స్పీడ్ కంట్రోలర్: మూడేళ్లు వాడాక

ఈ మూడేళ్లలో నా రిమోట్ కంట్రోల్ రేసు కారు మోటారును నాలుగుసార్లు అనుమానించాను. మూడుసార్లు దాని తప్పేమీ లేదు. నాలుగోసారి లోపం దానిలోనే దొరికింది గానీ, తెచ్చిపెట్టింది నేనే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా కోసమే పుట్టిందేమో.

ముందు సరంజామా సంగతి. 1/10 స్కేల్ బగ్గీ, వెనక చక్రాలతో మాత్రమే నడిచేది. 540 సైజు, 17.5 టర్నుల సెన్సర్డ్ బ్రష్‌లెస్ మోటారు, 120 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటును అదుపుచేసి పంపేది), రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. మొదటినుంచీ స్టాక్ క్లాసులోనే (మోటారు వేగానికి పరిమితి ఉండే రేసు విభాగం) తిప్పాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ రకం జతలు చాలామందే తయారుచేస్తున్నారు, నేను చెప్పేది దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది.

టర్నులంటే స్టేటర్ (మోటారులో కదలని భాగం) మీద రాగితీగ చుట్ల లెక్క. చుట్లు తగ్గితే వేగం పెరుగుతుంది, కరెంటు లాగడమూ పెరుగుతుంది. నాది వోల్టుకు సుమారు 2,300 ఆర్‌పీఎం ఇచ్చేది. అంటే 7.4 వోల్టుల దగ్గర, లోడు లేకుండా, నిమిషానికి దాదాపు 17,000 చుట్లు తిరుగుతుంది. అంతకుముందు బ్రష్ మోటార్లు వాడేవాణ్ని. కార్బన్ బ్రష్‌లు మార్చు, కమ్యుటేటర్‌ను (బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) లేతు మీద సాపు చెయ్యి, మళ్లీ బిగించు. రేసు కన్నా ఆ చాకిరీయే ఎక్కువ. అది మాత్రం పూర్తిగా వదిలింది. ఇప్పుడు అప్పుడప్పుడు బేరింగుల్లో చుక్క నూనె వేసి, దుమ్ము ఊదితే చాలు.

మొదటి అనుమానం ఆరో నెలలో వచ్చింది. స్టార్ట్ లైన్ దగ్గర ట్రిగ్గర్ నొక్కితే బండి గిజగిజ కొట్టుకుంటూ నిలబడిపోయేది. కాస్త తోస్తే మామూలుగా పరుగెత్తేది. మోటారు పోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే పోయింది సెన్సర్ వైరు. మోటారులో మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. రోటర్ (మోటారులో తిరిగే అయస్కాంతం) ఏ కోణంలో ఉందో అవి చెబితే, మూడు పవర్ వైర్లలో దేనికి ఎప్పుడు కరెంటు పంపాలో స్పీడ్ కంట్రోలర్ తేల్చుకుంటుంది. ఆ కబురు అందకపోతే, తిరిగే రోటర్ పుట్టించే వోల్టేజీని బట్టి ఊహించుకోవాలి. ఆగి ఉన్న రోటర్ వోల్టేజీ పుట్టించదు కదా, అందుకే బయలుదేరేటప్పుడే ఆ తడబాటు. ఆరు పిన్నుల ఆ సన్నని వైరు ప్లగ్ దగ్గర మడతపడి లోపల తెగిపోయింది, పైతొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పటినుంచి రెండు వైర్లు అదనంగా పెట్టెలో ఉంచుకుంటున్నాను, బిగించేటప్పుడు కాస్త వదులు ఇస్తున్నాను.

రెండోది వేడి. ఐదు నిమిషాల రేసులో నాలుగో నిమిషానికే బండి డీలా పడేది. వెనకవాళ్లు దాటిపోతుంటే ఒకటే టెన్షన్. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే మోటారు 92 డిగ్రీలు. నాసిరకం మోటారు అంటగట్టారని తిట్టుకున్నాను. కానీ తప్పంతా నా ఆశది. సాగదీసిన స్ట్రెయిట్‌లో ఇంకాస్త వేగం కావాలని 72 పళ్ల స్పర్‌కు (పెద్ద పళ్లచక్రం) 34 పళ్ల పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న పళ్లచక్రం) వేశాను, మోటారు వెనక మూత తిప్పి టైమింగ్ (రోటర్ కోణానికి ఎంత ముందుగా కరెంటు పంపాలన్నది) కూడా పెంచాను. రెండూ వేడిని పెంచేవే. ట్రాన్స్‌మిషన్ నిష్పత్తి 2.6 కనుక మొత్తం నిష్పత్తి 5.5 అయింది. 31 పళ్ల పినియన్ వేసి 6.04కి తెచ్చి, టైమింగ్ కొంచెం తగ్గించాక వేడి 70 దగ్గర ఆగింది. ల్యాప్ టైములు కూడా బాగుపడ్డాయి, ఎందుకంటే మలుపుల్లోంచి బండి ముందుకు దూకడం మొదలుపెట్టింది. ఒక మాట: వేడి చూడాల్సింది బండి ఆగిన క్షణంలో కాదు. ఫ్యాన్ ఆగాక లోపలి వేడి పైకి వచ్చి ఒక నిమిషంపాటు పెరుగుతూనే ఉంటుంది.

ఇక స్పీడ్ కంట్రోలర్. దీని మెనూలో ఇరవైకి పైగా సెట్టింగులున్నాయి, మొదటి ఏడాది అన్నీ కెలికాను. స్టాక్ క్లాసులో బూస్ట్, టర్బో (టైమింగ్‌ను ఎలక్ట్రానిక్‌గా పెంచే సెట్టింగులు) రెండూ సున్నా ఉండాలి. ఆ మోడ్‌లో ఉన్నప్పుడు ఎల్‌ఈడీ మిణుకుమంటూ ఉంటుంది, తనిఖీ చేసేవాళ్లకు అదే గుర్తు. ఆ రెండూ పోతే మిగిలేవాటిలో నాకు నిజంగా పనికొచ్చినవి మూడే: పంచ్ (ట్రిగ్గర్ నొక్కగానే బండి ఎంత దూకుడుగా కదలాలన్నది), డ్రాగ్ బ్రేక్, బ్రేక్ బలం. డ్రాగ్ బ్రేక్ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు గానీ, చేతికి తెలిసే తేడా అంతా అక్కడే ఉంది. ట్రిగ్గర్ వదలగానే బండి తనంతట తానే కాస్త వేగం తగ్గించుకుని, ముందు చక్రాల మీదికి బరువు వాలి, మలుపులోకి తిరుగుతుంది. సున్నా పెడితే జారుకుంటూ బయటికి పోయింది. పాతిక శాతం పెడితే వెనకభాగం తిరగబడింది. పన్నెండు దగ్గర స్థిరపడ్డాను, రెండేళ్లుగా ముట్టుకోలేదు. రేడియో (చేతిలోని రిమోట్) మార్చినప్పుడు మాత్రం ట్రిగ్గర్ కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. మర్చిపోయి ఒక రేసంతా సగం థ్రాటిల్‌తో నడిపిన ఘనుణ్ని నేను.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఫ్యాన్ దుమ్ముకు తట్టుకోదు, మూడుసార్లు మార్చాను. సెట్టింగుల కోసం వేరే ప్రోగ్రామర్ కొనాల్సి రావడం చిరాకు.

మూడో అనుమానం చిత్రంగా తేలింది. జంప్ దిగి థ్రాటిల్ ఇవ్వగానే రెండు సెకన్లు బండి చచ్చిపడేది, మళ్లీ లేచేది. మోటారు మార్చేద్దామనుకుంటుండగా ఒక విషయం తట్టింది: ఆ రెండు సెకన్లూ స్టీరింగ్ కూడా పనిచేయడం లేదు! స్టీరింగ్ కూడా పోయిందంటే రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవరే ఆరి మళ్లీ వెలుగుతోందన్నమాట. స్పీడ్ కంట్రోలర్‌కు అతికించిన కెపాసిటర్ పైభాగం ఉబ్బి, ఒక కాలి సోల్డర్ పగిలి ఉంది. ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజీ పడిపోకుండా కాయాల్సింది అదే. కొత్తది వేసి, బ్యాటరీ వైర్లు కూడా పొట్టిగా కత్తిరించాను. తీగ పొడుగైతే కెపాసిటర్‌కు పని ఎక్కువ.

నాలుగోది మూడో ఏడు. బల్ల మీద ఊరికే తిప్పితే మోటారు మునుపటికన్నా వేగంగా తిరుగుతోంది. వాడేకొద్దీ పదునెక్కిందని మురిసిపోయాను. ట్రాక్ మీద మాత్రం ల్యాపుకు సగం సెకను వెనక, పైగా వేడి. విషయం ఏమిటంటే, రోటర్‌లోని నియోడిమియం అయస్కాంతం బలం తగ్గితే లోడు లేని వేగం పెరుగుతుంది, టార్క్ తగ్గుతుంది, కరెంటు లాగడం పెరుగుతుంది. బల్ల మీది హుషారు అదే. రోటర్ బలం తీసింది బహుశా 34 పళ్ల రోజుల్లో నేను పెట్టిన వేడే. మోటారు మొత్తం మార్చనక్కర్లేదు. కొత్త 12.5 మిల్లీమీటర్ల రోటర్, దాంతోపాటు గరగరలాడుతున్న ముందు బేరింగ్ వేశాను. ఆ వారమే పాత ల్యాప్ టైము తిరిగొచ్చింది.

రేసుల జోలికి పోకుండా సరదాగా తిప్పుకునేవాళ్లకు ఈ సెన్సర్డ్ జత అవసరం లేదు. సెన్సర్లు లేని, నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారు చాలు, తెగడానికి ఆ సన్నని వైరూ ఉండదు. మలుపు మధ్యలో ట్రిగ్గర్‌ను వెంట్రుకవాసి కదిపి బండిని దిద్దుకోవాలనుకునేవాళ్లు మాత్రం సెన్సర్డ్‌దే తీసుకోండి. నేనైతే మళ్లీ ఇదే కొంటాను. పాత రోటర్‌ను పారేయలేదు. నేల మీద పడి కనిపించకుండా పోయిన స్టీలు స్క్రూలు వెతకడానికి వాడుతున్నాను, ఆ పనికి దాని బలం సరిపోతోంది.