పెర్సెపోలిస్: పుస్తకమా, సినిమానా?

మర్జాన్ సత్రపి ఇరాన్‌లో గడిపిన బాల్యం కథ మనకు ‘పెర్సెపోలిస్’ పేరుతో రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి, 2000-2003 మధ్య ఫ్రెంచ్‌లో నాలుగు భాగాలుగా వచ్చిన బొమ్మల పుస్తకం. రెండోది, ఆమే విన్సెంట్ పారొనోతో కలిసి 2007లో తీసిన యానిమేషన్ సినిమా. గంటన్నరలో అయిపోతుంది కదా అని చాలామంది సినిమాతోనే సరిపెట్టుకుంటారు. నా ఓటు మాత్రం పుస్తకానికే.

ఎందుకో ఒక్క ఘట్టం చూస్తే తెలుస్తుంది. ఇరాన్-ఇరాక్ యుద్ధం రోజులు. మార్జీ (కథలో మర్జాన్ ముద్దుపేరు) జీన్స్ కొనుక్కుని వచ్చేసరికి వాళ్ల వీధిలో ఇరాక్ క్షిపణి పడి ఉంటుంది. వాళ్ల ఇల్లు నిలబడే ఉంది, పక్కిల్లు లేదు. తల్లి ఆమెను అక్కణ్ణుంచి గబగబా లాక్కెళ్తుంటే, శిథిలాల్లో పక్కింటి స్నేహితురాలి బ్రేస్‌లెట్ కనబడుతుంది. అది దేన్ని అంటిపెట్టుకుని ఉందో చెప్పడానికి మార్జీకి మాట రాదు. ఆఖరి గడిలో బొమ్మే లేదు, ఉత్త నలుపు. సినిమాలోనూ ఈ ఘట్టం ఉంది, బాగానే ఉంది, కానీ కథ ముందుకు సాగిపోతుంది. ఆ నల్లగడి దగ్గర ఎంతసేపు ఆగిపోవాలన్నది చదివేవాళ్ల చేతుల్లో ఉంటుంది.

ఇంకో పేజీలో, జైల్లో ఒక మనిషిని ముక్కలుగా నరికారని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే మార్జీ వింటుంది. బొమ్మలో ఆ శరీరం లోపల డొల్లగా, విరిగిన ఆటబొమ్మలా ఉంటుంది. పదేళ్ల పిల్ల ఊహకు అంతకంటే అందదు మరి! ఇరాన్ రాజు షాను గద్దె దించిన 1979 విప్లవం ముందు సంబరంగా, తర్వాత భయంగా ఎలా మారిందో కూడా పుస్తకమే ఓపిగ్గా చెబుతుంది.

అలాగని సినిమాను తీసిపారేయలేం. కేన్స్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రైజు ఊరికే రాలేదు. అంతకు చాలా ముందు రెజా షా ఇరాన్ గద్దెనెక్కిన వైనాన్ని తోలుబొమ్మలాటలా చూపించడం సినిమాకే కుదిరింది. ప్రియుడు మోసం చేశాక అతగాడి రూపమే మార్జీ జ్ఞాపకాల్లో వికారంగా మారిపోవడం చూస్తే నవ్వాగదు. ఫ్రెంచ్ నటి డానియెల్ దారియో గొంతులో అమ్మమ్మ మరీ ముద్దొస్తుంది.

బొమ్మల పుస్తకాలు బొత్తిగా అలవాటు లేనివాళ్లు సినిమాతో మొదలుపెట్టినా నష్టం లేదు. హైస్కూలు పిల్లలకైతే పుస్తకమే ఇవ్వండి. కాకపోతే ఆ జైలు పేజీలు వచ్చేసరికి పక్కన కూర్చోండి, ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు.