పచ్చి షువాన్ కాగితం: ఏడేళ్ళ అభ్యాసంలో ఐదేళ్ళ వాడకం

చైనా కుంచె చిత్రకళలో వెదురు, ఆర్కిడ్, ప్లమ్, చామంతి చెయ్యి తిరిగాక ఏం కొనాలని అడిగేవాళ్ళకి నేను కుంచె పేరు చెప్పను, కాగితం పేరు చెబుతాను. సింగపూర్‌లో ఏడేళ్ళుగా నేర్చుకుంటున్నాను. మొదటి రెండేళ్ళూ చవక కాగితం మీద గడిచాయి. తర్వాత ఐదేళ్ళూ పచ్చి షువాన్ మీదే.

ఇది చైనాలోని ఆన్‌హుయ్ రాష్ట్రంలోని జింగ్ ప్రాంతపు కాగితం. చింగ్‌తాన్ చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి చేత్తో తీస్తారు. ఆ పనితనాన్ని యునెస్కో 2009లో వారసత్వ జాబితాలో చేర్చింది. పటిక, జిగురు పట్టించినదాన్ని 'షూ' అంటారు, అంటే వండినది. సన్నగీతల బొమ్మలకి అది బాగుంటుంది. ఏమీ పట్టించనిది 'షెంగ్', పచ్చిది. దీని మీద సిరా పడీపడగానే పాకుతుంది. ఇక దిద్దుకోవడం ఉండదు.

నాకు దీని విలువ తెలిసింది రొయ్యల దగ్గర. చైనా చిత్రకారుడు చీ బైషీ (1864–1957) వేసిన రొయ్యలు చూసినవాళ్ళకి ఆ గాజులాంటి ఒళ్ళు గుర్తుండే ఉంటుంది. లేత సిరాతో ఒక కణుపు వేసి, అది ఆరకముందే పక్కన ఇంకోటి వేస్తే, రెండింటి మధ్యా సన్నని తెల్లటి గీత మిగులుతుంది. ఎవరూ గీయని గీత అది! ముందు పడ్డ తడి, తర్వాత వచ్చిన సిరాని ఆపడం వల్ల ఏర్పడుతుంది. తల మీది లేత సిరా తడిగా ఉండగానే చిక్కటి సిరా ఒక్క చుక్క తాకించాలి. తొందరపడితే చుక్క చెదిరిపోతుంది, ఆలస్యమైతే అతికించినట్టు ఉంటుంది. ఆ సమయం చేతికి దొరకడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. వండిన కాగితం మీద ఈ గీత రాలేదు. నా చవక కాగితం మీద కూడా రాలేదు. రెండేళ్ళు నా చేతిని తిట్టుకున్నాను, తప్పు కాగితానిది.

బెరడు ఎంత శాతం ఉందో చూసి కొనండి. షువాన్ రకాల్లో మియెన్‌ల్యావ్‌లో సుమారు 40 శాతం, జింగ్‌పీలో 60, తజింగ్‌లో 80 దాకా ఉంటుంది. నాకు జింగ్‌పీ చాలు. 69×138 సెంటీమీటర్ల తావుని నాలుగుగా కోసుకుంటాను. నునుపు వైపే వేయాలి. గరుకు వైపు వేసి పాడుచేసుకున్నవి నా దగ్గర చాలానే ఉన్నాయి.

సీసా సిరాతో జాగ్రత్త. రెండేళ్ళ కిందట ఒక వెదురు బొమ్మని గంజితో వెనక కాగితం అంటించడానికి ఇస్తే, తడి తగలగానే ఆకుల చుట్టూ బూడిదరంగు పాకింది. అప్పటి నుంచి సిరాకడ్డీనే వాడుతున్నాను. సాన మీద గంధం తీసినట్టు, నెమ్మదిగా పది నిమిషాలు అరగదీస్తాను. ఆ పది నిమిషాల్లో చెయ్యి కూడా కుదురుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. తడిస్తే తేలిగ్గా చిరుగుతుంది. ఇక్కడి వానరోజుల్లో ఆరడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి కుంచెలో నీళ్ళు తగ్గించుకోవాలి. కొత్త కాగితం మరీ ఆత్రంగా పీలుస్తుంది, కొన్నేళ్ళు దాచితే నెమ్మదిస్తుంది. పాత కాగితం కోసం చిత్రకారులు అందుకే వెతుకుతారు. 2020లో కొన్న కట్ట ఒకటి విప్పకుండా దాచాను. పోయిన వారమే విప్పి, తామరాకులు మొదలుపెట్టాను.