దూరపు వేటకి ఏ రెటికిల్? నాలుగు రకాలూ వాడాక నా మాట

రెటికిల్ అంటే స్కోపులో గురిపెట్టే గీతలు. డ్యూప్లెక్స్ (బయట లావుగా, మధ్యలో సన్నగా ఉండే అడ్డం-నిలువు గీతలు), బీడీసీ (దూరాన్నిబట్టి గుండు ఎంత కిందికి పడుతుందో చూపే గుర్తులు), చెట్టులా కిందికి విచ్చుకునే గ్రిడ్, మామూలు మిల్ గీతలు (మిల్ అంటే కోణం కొలత, 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు)... ఒక్కోదాన్నీ కొన్ని సీజన్లు వాడి చూశాను. ఇప్పుడు నా రైఫిల్ మీదున్నది 3-18 జూమ్, ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోపు, అంటే జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గేది. అందులో మామూలు మిల్ గీతలు, నడిమధ్య వెలిగే చిన్న చుక్క. ఇక మార్చే ఉద్దేశం లేదు.

ఎత్తుకి టర్రెట్ (స్కోపు మీద గురి సర్దే మర) తిప్పుతాను, గాలికి రెటికిల్‌తో పక్కకి పట్టి కాలుస్తాను. నా ఎంపికంతా దీన్నిబట్టే. దూరం రేంజ్‌ఫైండర్ చెప్పేస్తుంది, అదేమీ మారదు. గాలి అలా కాదు, లెక్కగట్టి టర్రెట్ తిప్పి ట్రిగ్గర్ మీద వేలు పెట్టేలోపే మారిపోతుంది. అందుకే నిటారు గీత మీద ఎన్ని హంగులున్నాయో నేను చూడను, అడ్డగీత మీద గుర్తులు స్పష్టంగా ఉన్నాయా అని చూస్తాను. అర మిల్‌కి ఒకటి చాలు. 400 మీటర్ల దగ్గర అర మిల్ అంటే 20 సెంటీమీటర్లు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు అంతే. పొలం గట్టున పడుకుని అంతకన్నా సన్నగా గాలిని చదవగలిగేవాళ్లకి ఓ దండం.

చెట్టు రెటికిల్ టార్గెట్ల మీద బాగుంటుంది. గుండు ఎక్కడ పడిందో చూసి రెండోది వెంటనే సరిదిద్దుకోవచ్చు. వేటలో మొదటి గుండే ముఖ్యం. పైగా జంతువు ఎండుగడ్డి మధ్య నిలబడితే ఆ చుక్కలేవో, గడ్డిపరకలేవో విడదీసి చూడటమే ఒక పని. బీడీసీ గుర్తులు ఒక గుండుకి, ఒక వేగానికి లెక్కగట్టినవి. గుండు మార్చినా, బాగా ఎత్తైన కొండల మీదికి వెళ్లినా దూరం పెరిగేకొద్దీ తేడా కొడతాయి.

ఫస్టా, సెకండా అన్న దగ్గరే అసలు తిరకాసు. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీతలు ఎప్పుడూ ఒకే మందం, కానీ గుర్తుల లెక్క ఒక్క జూమ్ దగ్గరే నిజం. చాలా స్కోపుల్లో అది గరిష్ఠ జూమ్. 18 దగ్గర 1 మిల్ చూపే గుర్తు 9కి దించితే 2 మిల్ అవుతుంది. హడావుడిలో జూమ్ ఎంతుందో ఎవరికి గుర్తుంటుంది? ఫస్ట్‌లో ఆ గొడవ లేదు. బదులుగా 3 దగ్గర నడిమి గీతలు వెంట్రుకంత సన్నబడతాయి. చీకటి పడే వేళ చెట్ల నీడలో అవి బొత్తిగా కనపడవు. బయటి కమ్ములు లావుగా ఉండి, మధ్యలో దీపం ఉంటేనే ఫస్ట్ ఫోకల్ తీసుకోండి. ఆ దీపం బాగా తగ్గేదై ఉండాలి. నేను వాడిన ఒకదాంట్లో కనిష్ఠ వెలుగు కూడా ఎంత ఎక్కువంటే చుక్క తప్ప జంతువు కనపడేది కాదు. కొట్లో ట్యూబ్‌లైటు కింద ఇది తెలియదు, పొద్దువాలాక బయట పెట్టి చూడాల్సిందే.

మిల్లా, ఎంఓఏనా (అదీ ఒక కోణం కొలతే) అన్నది అలవాటును బట్టి. టర్రెట్, రెటికిల్ రెండూ ఒకే కొలతలో ఉంటే చాలు. మీ వేట 250 మీటర్లు దాటదంటే ఇదంతా అక్కర్లేదు. డ్యూప్లెక్స్ కొనుక్కుని, మిగిలిన డబ్బు మంచి అద్దాల మీద పెట్టండి.