14416: రెండు పత్తి సీజన్లు వాడినంక నా రివ్యూ

14416 అంటే టెలీ మానస్, మనసు బాగలేనోళ్లు మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్. ఫ్రీ నంబర్, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడతరు. టెలీ మానస్ 2022 అక్టోబర్ల వచ్చినప్పటి నుంచి ఇవన్నీ అందరూ రాసిండ్రు, మళ్లీ నేను రాయ. నేను రాసేది వాళ్లే తిరిగి ఫోన్ చేసుడు గురించి.

ఎందుకంటే నేను గచ్చిబౌలిల నాలుగేండ్లు కస్టమర్ కేర్ల చేసిన. "మేమే కాల్ బ్యాక్ చేస్తాం సర్" అని రోజుకు యాభై మందికి చెప్పేటోన్ని, అండ్ల ఒక్కనికన్నా చేసి ఉంటే ఒట్టు. 2024 దీపావళి అయినంక మొదటిసారి 14416కి చేస్తే ఫోన్ ఎత్తిన కౌన్సెలర్ ఆమె "వచ్చే వారం మేము చేస్తం, మీ నాయినకు ఏ టైమ్ వీలు" అని అడిగింది, నాకు లోపల నవ్వొచ్చింది.

నాయినకు పరిగి దిక్కు నాలుగెకరాల పత్తి. ఆ ఏడు ఏరే టైముకు వాన పడ్డది, కొనే సెంటర్ కాడ తేమ 12 శాతం దాటిందని బండి తిప్పి పంపిండ్రు, మద్దతు ధర 7521 అని పేపర్ల చదువుకునుడే అయింది. నెత్తి మీద మూడు రూపాయల మిత్తి. అమ్మ ఫోన్ చేసి "మీ నాయిన రాత్రిళ్లు పండుతలేడురా, బాయి కాడికి పోయి కూసుంటుండు" అన్నది. డాక్టర్ దగ్గరికి పోదామంటే "నన్ను ఎర్రగడ్డకు తోలుతవా" అని లేచిండు. మా ఊర్ల మనసు డాక్టర్ అంటే ఎర్రగడ్డ, ఎర్రగడ్డ అంటే పిచ్చి, నడుమ ఇంకోటి లేదు. అందుకే ముందు నేనే చేసిన, మెహిదీపట్నం రూముల కూసోని.

ఆమె ఓదార్పు మాటలతోని మొదలుపెట్టలే. "పురుగుల మందు డబ్బాలు ఇంట్ల ఎక్కడ పెడతరు" అని అడిగింది. మంచం కింద. చెప్తుంటే నాకే గొంతు ఆగింది. ఇయ్యాల్నే తీసి వేరే ఇంట్ల తాళమేసి పెట్టమన్నది, చచ్చిపోవాలని అనిపిస్తుందా అని నాయినను సీదా అడగమన్నది, అడిగితే లేని ఆలోచన పుట్టదని చెప్పింది. అమ్మ ఆ రాత్రే డబ్బాలన్నీ చిన్నాయనోళ్ల ఇంట్ల పెట్టించింది.

గురువారం ఏడున్నరకు నిజంగనే చేసింది! నాయిన మొదట ఆఁ ఊఁ అని, తర్వాత ఫోన్ పట్టుకొని ఇంటెనక్కి పోయిండంట, ఇరవై నిమిషాలు. డాక్టర్‌కు కూడా చూపించుకొమ్మని ఆమెనే ఒప్పించింది, నాతోని కానిది.

ఇగ అసలు గోస ఇక్కడ. ఒక సర్కారు దవాఖానకు పోయినం, పేరు వద్దు. దేశంల లక్ష మందికి ఒక్క మనసు డాక్టర్ కూడా లెక్కకు రాడు, సో వారంల ఒక్క రోజే కూసుంటడు, అది అర్థం చేసుకుంట. పొద్దున్నే బస్సెక్కి పోయి పదకొండు దాకా కూసున్నం. అప్పుడు చీటీలిచ్చే ఆయన బయటికొచ్చి "మెంటల్ ఓపీ వాళ్లు ఇటు రండి" అని కేకేసిండు. అదే వరండల మా చెల్లె అత్తగారి ఊరాయన చక్కెర మందుల కోసం నిలబడ్డడు. నాయిన ఆయన్ని చూసిండు, ఆయన నాయినను చూసిండు. ఒక్క మాట లేదు, తువ్వాల భుజం మీదేసుకొని సీదా బస్టాండ్‌కు నడిచిండు, నేను చీటీ పట్టుకొని ఎనక ఉరుకుడు. డాక్టర్ మంచోడో కాదో మాకు తెల్వనే తెల్వదు, ఆయన దాకా పోతే కదా. తర్వాత మూడు వారాలు నాతోని మాట్లాడలే.

మాట్లాడింది మళ్లీ ఆ ఫోన్ వచ్చినంకనే. "రెండో ఏరుడు అయిందా" అని అడిగిందంట. పోయినసారి చెప్పింది రాసిపెట్టుకున్నది! దవాఖానల సంగతి నాయిన ఆమెకు చెప్పుకున్నడు, పెద్ద డాక్టర్‌తోని ఫోన్లనే మాట్లాడిపించింది. ఆ వారం కొంచెం నిద్ర పట్టింది.

పట్టింది అంటున్న గానీ, అదే వారం పత్తి పైసలు కొన్ని చేతికొచ్చినయ్, సగం నిద్ర దానిదే కావచ్చు. అప్పు ఇంకా ఉన్నది, దాన్ని ఏ కౌన్సెలింగ్ తీర్చదు. మా వికారాబాద్ జిల్లాల 2017ల మొదలైన కిసాన్ మిత్ర అనే రైతుల హెల్ప్‌లైన్ లెక్క పట్టా, అప్పు, మనసు అన్నీ ఒక్క కాడ వినేటోళ్లు ఉండాలె. ఇంకోటి, ఫైనాన్సోళ్ల పుణ్యాన నాయిన తెల్వని నంబర్ ఎత్తడు, కాబట్టి నేను ఎంత మెచ్చుకునే ఆ కాల్ బ్యాక్ కూడా అమ్మ పక్కన కూసోని "ఎత్తు" అంటేనే పనిచేసింది. ఒంటరిగ ఉన్నోళ్లకు, ఇంట్ల ఒక్కటే ఫోన్ ఉన్నోళ్లకు ఎట్లుంటదో నేను చెప్పలేను. మాకైతే ఐదుకు నాలుగు.

మందు డబ్బాలు ఇప్పటికీ చిన్నాయనోళ్ల ఇంట్లనే ఉన్నయ్. ఈ వానాకాలం కూడా కొట్టాల్సిన రోజు పొద్దున్నే తాళంచెవి అడిగి తెచ్చుకున్నడు, "నా మందుకు నేనే అడుక్కోవాలె" అని దారంత గొణుక్కుంట.