మూడేళ్లుగా చేతిమీద గ్లూకోజ్ సెన్సర్: వాడినవాడి మాట

14 రోజులకొకటి చొప్పున ఈ మూడేళ్లలో 70కి పైనే సెన్సర్లు అంటించుకుని పీకేశాను. నాది టైప్ 2 షుగరు, రాత్రిపూట ఒక ఇన్సులిన్ సూది. అంతకుముందు వేలికొస గుచ్చుకుని స్ట్రిప్పు మీద బొట్టు పెట్టుకునేవాణ్ణి. కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ రాసే మంచీ చెడూ చాలావరకు ఈ జాతి పరికరాలన్నిటికీ వర్తిస్తుంది.

అంటించుకోవడం నిమిషం పని. జబ్బ వెనక వైపు శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, సెన్సర్ ఉన్న డబ్బా ఆనించి నొక్కితే టక్కుమంటుంది. చర్మం కింద అయిదు మిల్లీమీటర్ల సన్నని తీగ మిగులుతుంది. నొప్పి దాదాపు లేదు. ఆ తీగ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. తీగ మీద పూసిన ఎంజైము గ్లూకోజుతో చర్య జరిపితే పుట్టే చిన్న కరెంటే మనకు అంకెగా కనిపిస్తుంది. ఈ ఎంజైము ఎలక్ట్రోడు ఊహ 1962లో లేలండ్ క్లార్క్ బయటపెట్టినది. 1999లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి యంత్రంలో రోగికి అంకెలే కనపడేవి కావు, మూడు రోజులయ్యాక డాక్టరు దించుకుని చూడాల్సిందే. ఇప్పుడు ఫోన్లో నిమిషనిమిషానికీ వస్తోంది.

నాకు కళ్లు తెరిపించింది తెల్లవారుజాము గ్రాఫు. పరగడుపున 160, 170 వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరి చూపూ నా రాత్రి భోజనం మీదే. "దొంగతనంగా ఏం తిన్నారండీ?" అని మా ఆవిడ నేరుగానే అడిగేది. సెన్సర్ పెట్టిన మొదటి వారంలోనే అసలు సంగతి తేలింది. రాత్రంతా 120 దగ్గర గీత గీసినట్టు ఉండి, నాలుగింటికి మెల్లగా పైకి లేస్తోంది. ఆ వేళకు ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి లివరు గ్లూకోజు వదులుతుందని డాక్టరు చెప్పారు. వేలికొస పరీక్షతో ఇది ఎన్నేళ్లయినా తెలిసేది కాదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష కూడా మూడు నెలల సగటే చెబుతుంది కానీ, ఎప్పుడు ఎక్కిందో ఎప్పుడు దిగిందో చెప్పదు కదా. నేరం రుజువు కాక బయటపడ్డాను.

ఇక అలారం సంగతి. మొదటి నెలలో ఒక రాత్రి రెండింటికి షుగరు పడిపోయిందని ఫోను గోల. "ఏమండీ, లేవండి, 58 అంటోంది!" కంగారులో గ్లూకోజు బిళ్లలు నాలుగు నమిలేశాను. చెమట లేదు, వణుకు లేదు. అనుమానమొచ్చి అప్పుడు వేలు గుచ్చి చూస్తే 112. జరిగిందేమిటంటే ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాను. ఒత్తిడికి అక్కడ ద్రవం కదలక సెన్సర్ తక్కువ చూపించింది. తెల్లారేసరికి నిజంగానే 220 దాటింది, బిళ్లల పుణ్యమా అని. అప్పట్నుంచి రెండో వైపు తిరిగి పడుకుంటున్నాను, వేలు గుచ్చి చూసే మీటరు మాత్రం తలగడ పక్కనే ఉంటుంది.

ఇంకో మెలిక, ఆలస్యం. రక్తంలో మారిన షుగరు ఈ ద్రవంలో కనపడడానికి అయిదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. తిన్న వెంటనే, గబగబా నడిచేటప్పుడు సెన్సరూ మీటరూ వాదులాడుకుంటాయి. నేను మొదట్లో ఏది నిజమని తల బద్దలు కొట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అంకె పక్కనుండే బాణం చూస్తాను. 110 ఉండి బాణం నిలువునా కిందికి ఉంటే, 85 ఉండి బాణం అడ్డంగా ఉన్నదానికన్నా అదే నాకు ఎక్కువ భయం. కొత్త సెన్సర్ మొదటి రోజు అంకెల్ని నేను పెద్దగా పట్టించుకోను.

కొన్ని సెన్సర్లు విటమిన్ సి ఎక్కువ మోతాదులో వేసుకుంటే లేని షుగరు చూపిస్తాయి, కొన్నిటికి పారాసెటమాల్‌తో పేచీ. పెట్టెలో వచ్చే కాగితం చదవండి, నేను రెండేళ్లకు గానీ చదవలేదు.

డాక్టరు చూసేది 70కీ 180కీ మధ్య రోజులో ఎంతసేపు ఉన్నామని. చాలామందికి 70 శాతానికి పైన ఉండాలంటారు. నాది 52తో మొదలై పోయిన నెల 74కి వచ్చింది. చాలావరకు తిన్నాక ఇరవై నిమిషాల నడకతోనే. నడవని రోజు గీత ఎలా లేస్తుందో కళ్లారా చూశాక బద్ధకించడం కష్టం.

షుగరు లేనివాళ్లు సరదాకి పెట్టుకోవడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇన్సులిన్ వాడని పెద్దలు డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కునేలా 2024లో అమెరికా ఒకదానికి అనుమతిచ్చింది. అన్నం తిన్నాక 140 చూసి బెంబేలెత్తే మా బావమరిదిలాంటివాళ్లు మాత్రం దానికి దూరంగా ఉంటేనే మంచిది.

ఇంకా తీరని బాధ జిగురు. ఏడాదిన్నర తర్వాత అంటించినచోట గుండ్రంగా ఎర్రటి దద్దురు మొదలైంది. చేతులు మారుస్తున్నాను, పాత మచ్చ మీద మళ్లీ పెట్టడం లేదు. రెండుసార్లు తలుపు అంచుకు తగిలి తొమ్మిదో రోజుకే ఊడొచ్చాయి కూడా. ఈ వారం కుడి చెయ్యి వంతు, రాస్తుంటేనే దురద పెడుతోంది.