మా టాయిలెట్లో రెండు లీకులు: శానిటరీ షాపు ప్లంబరుకు నాలుగు స్టార్లు

ముందు స్టార్ల సంగతి చెప్పేస్తాను. అయిదుకు నాలుగు. ఒకటి తగ్గించింది పనికి కాదు. మంగళవారం పొద్దున్నే వస్తానన్న మనిషి గురువారం మధ్యాహ్నం వచ్చాడు, మధ్యలో ఫోన్ ఎత్తలేదు. అందుకు.

మాది నిజాంపేటలో పదిహేనేళ్ల నాటి అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఎండాకాలం వస్తే బోరు చేతులెత్తేస్తుంది, ట్యాంకర్లు తప్పవు. అందుకని ఫ్లాటుకో మీటరు పెట్టి వాడినంతకు వసూలు చేస్తున్నారు. ఇంట్లో ఉండేది నేనూ, మా ఆవిడా. నెలకు 9 వేల లీటర్లు దాటని మాకు ఫిబ్రవరిలో 17,600 చూపించింది. "పిల్లలు వచ్చారా అంకుల్?" అన్నాడు సెక్రటరీ. వాళ్లొచ్చి ఏడాదిన్నర అయింది.

ముప్పై ఏళ్లు అకౌంట్స్‌లో చేసినవాణ్ణి, అంకె తేడా వస్తే నాకు నిద్ర పట్టదు. రాత్రి 10 గంటలకు మీటరు రీడింగు డైరీలో రాసుకుని, కుళాయిలన్నీ చూసి పడుకున్నాం. పొద్దున 5కి చూస్తే 84 లీటర్లు తిరిగింది. రాత్రి ఎవరం లేవలేదు. అంటే గంటకు 12 లీటర్లు, నెలకు 8,600 పైన. హైదరాబాద్ జలమండలి ఒక ఇంటికి నెలకు ఉచితంగా ఇస్తానన్న 20 వేల లీటర్లలో సగానికి కాస్త తక్కువ! అంత నీరు పోతున్నా ఇంట్లో ఎక్కడా తడి లేదు, చప్పుడు లేదు. చప్పుడు లేదని నేనంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "అర్ధరాత్రి ఎక్కడో ట్యాంకు నిండుతున్నట్టు వినిపిస్తోంది, పైవాళ్లదేమో అనుకున్నా" అంది. రెండు నెలలుగా వింటోందట.

రెండో రాత్రి హాలు బాత్రూములో టాయిలెట్ యాంగిల్ కాక్, అంటే ఫ్లష్ ట్యాంకుకు నీళ్లిచ్చే చిన్న కుళాయి, కట్టేశాను. మీటరు తిరిగింది. మూడో రాత్రి మా బెడ్రూముది కట్టేశాను. మీటరు కదల్లేదు. దొంగ దొరికాడు, కానీ దొంగిలించిన సొమ్ము ఎటు పోతోందో తెలియలేదు.

సరిగ్గా అదే సమయంలో కింది ఫ్లాటు మాస్టారు వచ్చి, వాళ్ల బాత్రూము సీలింగుకు పళ్లెమంత మచ్చ వచ్చిందని ఫోనులో ఫొటో చూపించారు. అంచుల్లో సున్నం ఉబ్బి తెల్లగా ఉప్పు పూసింది. ఇంకేముంది, మా ఫ్లష్ ట్యాంకు నీళ్లే వాళ్ల సీలింగులోకి దిగుతున్నాయని ఇద్దరం తేల్చేసుకున్నాం. ఆ టెన్షన్లో, వేడి-చలి తేడా చూపించే కెమెరాతో లీకులు కనిపెట్టే ఒక సర్వీసును పిలిచాను. పేరు రాయను. వచ్చి చూసినందుకే 1,500. ఇద్దరు కుర్రాళ్లు కింద సీలింగు ఫొటో తీసి, స్క్రీను మీద నీలం మచ్చ చూపించి, "సంకన్ స్లాబ్, అంటే బాత్రూము కింద పల్లంగా దించిన స్లాబు, మొత్తం నీళ్లే సార్, టైల్స్ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి, 45 వేలు" అన్నారు. కెమెరా అబద్ధం చెప్పిందని నేననను. తడి ఉన్నచోట చల్లగా ఉంటుంది, దాన్ని చూపించింది. ఆ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాల్సింది మనిషి. ఆ మనుషులు నా మీటరు లెక్క చూపిస్తే చూడను కూడా లేదు.

అప్పుడు వెళ్లాను మా కాలనీ మలుపులో ఉన్న శానిటరీ షాపుకి. అక్కడ కూర్చునే ప్లంబరుకు యాభై దాటి ఉంటాయి. డైరీ చూసి, "గంటకు పన్నెండు లీటర్లా! అంత నీరు కింద పడితే అక్కడ మచ్చ ఉండదు సార్, ధార కడుతుంది" అన్నాడు. నిజమే కదా. ఇన్ని లెక్కలు వేసినవాడికి ఆ ముక్క తట్టలేదు. అంటే ఇవి రెండు వేరువేరు లీకులు.

ఇంటికొచ్చి ఫ్లష్ ట్యాంకు మూత తీయకముందే వంటింట్లో మిఠాయి రంగు ఉందా అని అడిగాడు. అంతకుముందు నేను ట్యాంకులో పసుపు వేసి చూశాను. పసుపు నీళ్లలో కరగదు, అడుగున మడ్డిలా కూర్చుంది. మా ఆవిడ కేసరిలో వేసే నారింజ రంగు డబ్బా ఇచ్చింది. అర చెంచా ట్యాంకులో కలిపి, కమోడ్ లోపల వెనక గోడను పొడిగుడ్డతో తుడిచి, "ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ నొక్కొద్దు" అని బయట కూర్చుని టీ తాగాడు. నేను లోపలే కాపలా. పదకొండో నిమిషంలో తెల్లటి పింగాణీ మీద నారింజ గీత ఒకటి జారింది, వెంట్రుకంత సన్నంగా. కాసేపటికి అది వేలెడు వెడల్పు పొరలా పరుచుకుంది. చప్పుడు మాత్రం అస్సలు లేదు. రంగు లేకపోతే ఆ నీళ్లు జన్మలో కనపడవు.

ట్యాంకు మధ్యలో ఉండే ఫ్లష్ వాల్వును పావు చుట్టు తిప్పి పైకి లాగాడు. దాని అడుగున రబ్బరు వాషరు. ముట్టుకుని చూడమన్నాడు. మెత్తగా ఉండాల్సింది ఎండిన కొబ్బరి చిప్పలా గట్టిపడిపోయింది, అంచు చుట్టూ బోరు నీళ్ల తెల్లటి పెచ్చులు. అది కూర్చునే గట్టు మీదా అదే పేరుకుంది. నిమ్మచెక్కతో రుద్ది తుడిచి కొత్త వాషరు వేశాడు. వాషరు 80 రూపాయలు, కూలి 300. మళ్లీ రంగు వేసి అరగంట చూశాం, గీత రాలేదు.

ఇక కింది మచ్చ. ఇక్కడ కాస్త నవ్వొచ్చే పని చేయించాడు. మూత వేసిన కమోడ్ మీద నన్ను కూర్చోమని, "అటూ ఇటూ ఊగండి సార్" అన్నాడు. బట్టలతోనే లెండి. ఊగాను. తను నేల మీద చెంప ఆనించి చూస్తున్నాడు. అడుగున తెల్ల సిమెంటు పగిలి, కమోడ్ బియ్యపు గింజంత కదులుతోంది. అలా కదిలి కదిలి వెనక పైపులోకి పోయే రబ్బరు కనెక్టరు వదులైంది. ఫ్లష్ కొట్టిన ప్రతిసారీ చెంచాడు నీళ్లు బయటికొచ్చి టైల్స్ కిందికి దిగుతున్నాయి. ఇవి మీటరులో విడిగా కనపడవు, వాడుకున్న నీళ్లే కదా. కింద సీలింగు మీద మాత్రం కనపడతాయి. ట్యాంకు లీకు దానికి తలకిందులు: మీటరు మీద కనపడుతుంది, ఎవరి సీలింగునూ తడపదు.

మర్నాడు కమోడ్ ఎత్తి, కొత్త కనెక్టరు, కొత్త స్క్రూలు వేసి, అంచు చుట్టూ సిలికాన్ పెట్టాడు. 24 గంటలు వాడొద్దన్నాడు. సామాను 450, కూలి 1,200. ఒక్క టైలు కూడా పగల్లేదు. సిలికాన్ మాత్రం ఎడమవైపు వంకరగా పూశాడు, మా ఆవిడకు అది చూసినప్పుడల్లా చిరాకే. పాత రబ్బరు, సిమెంటు పెళ్లలు మేమే ఎత్తుకున్నాం. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు.

మొత్తం 2,030. మార్చిలో మీటరు 9,100 చూపించింది. మాస్టారి సీలింగు ఆరడానికి మూడు వారాలు పట్టింది. మచ్చ గీత అలాగే ఉంది, పెయింటు డబ్బులు సగం నేనిస్తానన్నాను, ఆయన వద్దంటున్నారు, ఇంకా తేలలేదు.

ఈయన కావాలంటే ఫోన్ చేసి లాభం లేదు. పొద్దున తొమ్మిదిలోపు షాపు దగ్గరికే వెళ్లి పట్టుకోవాలి. మీటరు రీడింగు రాసుకెళ్తే ఇంకా మంచిది, చదువుతాడు.