పేగు బాక్టీరియా కిట్‌తో క్యాన్సర్ రిస్క్ తెలుస్తుందంటే నమ్మి కొనకండి

ఇంట్లోనే మలం శాంపిల్ తీసి పంపితే, అందులోని బాక్టీరియాను చూసి పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ ఎంతో చెబుతామనే కిట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. నేనూ మా అన్నయ్యా ఇద్దరం చేయించుకున్నాం.

నా రిపోర్ట్ ఎర్ర రంగులో "ఎక్కువ రిస్క్" అని వచ్చింది. అన్నయ్యది పచ్చ రంగులో "తక్కువ రిస్క్". నా రిపోర్ట్ కిందే, నాకోసం ప్రత్యేకంగా తయారుచేశామంటూ ప్రోబయోటిక్ (మేలు చేస్తాయని చెప్పే బాక్టీరియా ఉండే) క్యాప్సూల్స్, వాటికి నెలనెలా డబ్బు కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్. నేను పడ్డ టెన్షన్ సంగతి అలా ఉంచండి. అసలు ప్రమాదం ఆ పచ్చ రిపోర్ట్‌తో వచ్చింది. అన్నయ్యకి యాభై దాటాయి. మలంలో రక్తం జాడ ఉందేమో చూసే ఫిట్ టెస్ట్ డాక్టర్ రాసిచ్చి ఉన్నారు. రిస్క్ తక్కువని వచ్చింది కదా, ఇంకెందుకని దాన్ని పక్కన పెట్టేశాడు. వదిన పట్టుబట్టి చేయిస్తే మలంలో కంటికి కనపడని రక్తం ఉన్నట్టు తేలింది. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో పెద్ద పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ లాంటిది, కొన్ని తర్వాత క్యాన్సర్‌గా మారొచ్చు) కనపడింది, అప్పుడే తీసేశారు. అది ఇంకా క్యాన్సర్‌గా మారలేదు. వదిన ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తోంది.

బాక్టీరియాకీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం లేదని నేననడం లేదు. ఉంది. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే వీళ్లు అమ్ముతున్నారు. మామూలుగా నోట్లో ఉండే ఫ్యూసోబాక్టీరియమ్ న్యూక్లియేటమ్ అనే బాక్టీరియా పెద్దపేగు కణితుల్లో ఎక్కువగా కనిపిస్తోందని 2012లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా చెప్పాయి. ఈ. కోలి అనే పేగు బాక్టీరియాలో కొన్ని రకాలు కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది పేగు కణాల డీఎన్ఏను దెబ్బతీసి తనదైన ముద్ర వదులుతుందని 2020లో తేలింది. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం కోసం 11 దేశాల రోగుల కణితులను పరిశీలించారు. 70 దాటాక జబ్బు బయటపడ్డవాళ్లతో పోలిస్తే, 40 లోపే బయటపడ్డవాళ్లలో ఆ ముద్ర మూడు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది.

ఆ దెబ్బ చాలామందికి చిన్నతనంలోనే తగిలి ఉండొచ్చని ఆ పరిశోధకుల అంచనా. అప్పుడు హాని చేసిన బాక్టీరియా ఇన్నేళ్ల తర్వాత పేగులో ఉండాలనేం లేదు. అలాంటప్పుడు ఈరోజు తీసిన శాంపిల్ ఏం చెప్పగలదు?

ఇలాంటి కిట్లలో చాలావాటికి వాడే పద్ధతి బాక్టీరియాలోని ఒక్క జన్యువును చదివి, అది ఏ జాతికి చెందిందో చెబుతుంది. ఈ. కోలి దాదాపు అందరి పేగుల్లోనూ ఉంటుంది. అందులో కోలిబాక్టిన్ తయారుచేసే రకం ఉందో లేదో ఆ పద్ధతికి తెలియదు. తెలిసినా, ఆ రకం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ సుమారు ఐదుగురిలో ఒకరికి ఉంటుంది. పైగా రిపోర్ట్‌లో ఇచ్చేవి శాతాలు. యాంటీబయోటిక్ వాడాక మిగతా బాక్టీరియా తగ్గితే చాలు, ఏమాత్రం పెరగని బాక్టీరియా కూడా శాతంలో పెరిగినట్టు కనపడుతుంది. తిండి మారినా, విరేచనాలు అయినా లెక్క మారిపోతుంది. పేగు గోడకు అంటుకుని ఉండే బాక్టీరియా వేరు, మలంతో బయటికి వచ్చేది వేరు.

కస్టమర్ కేర్‌ని ఒకటే అడిగాను: మీ స్కోర్ ఎక్కువ వచ్చినవాళ్లలో తర్వాత ఎంతమందికి క్యాన్సర్ వచ్చిందో చూశారా? దానికి జవాబు రాలేదు. "ఇది వెల్‌నెస్ సమాచారం మాత్రమే, రోగ నిర్ధారణ కాదు" అన్నారు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో క్యాన్సర్ అని వేసి, ఈ మాటను రిపోర్ట్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పెట్టడం అన్యాయం. మీరూ కొనే ముందు ఇదే ప్రశ్న రాతపూర్వకంగా అడగండి.

ఇక ఆ క్యాప్సూల్స్. పెద్దపేగు క్యాన్సర్ రాకుండా ఆపుతుందని రుజువైన ప్రోబయోటిక్ ఇప్పటిదాకా ఏదీ లేదు. ఎన్నో ఏళ్లుగా ప్రోబయోటిక్‌గా వాడుతున్న ఈ. కోలి నిస్లె 1917 అనే రకంలోనే కోలిబాక్టిన్ జన్యువులున్నాయి. యాంటీబయోటిక్ తర్వాత ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లకి సొంత బాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైందని 2018లో ఒక అధ్యయనం చూపించింది కూడా.

డబ్బు పెట్టేదేదో ఫిట్ టెస్ట్‌కో కొలనోస్కోపీకో పెట్టండి. ఫిట్ వెతికేది రక్తాన్ని. దాన్ని సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేస్తారు. కొలనోస్కోపీలో పాలిప్ కనపడితే అక్కడికక్కడే తీసేయొచ్చు, ఏమీ లేకపోతే మామూలు రిస్క్ ఉన్నవాళ్లకి మళ్లీ పదేళ్లకే. చాలా దేశాల్లో 45 లేదా 50 ఏళ్ల నుంచి ఈ పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా, మలవిసర్జన తీరు మారినా ఏ వయసువాళ్లైనా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కిట్ మాట వినకండి.

ఇప్పటికే కొన్నవాళ్లకి: శాంపిల్ ల్యాబ్‌కి చేరిందని చెప్పి నాకు రీఫండ్ ఇవ్వలేదు. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశామన్నాక కూడా డబ్బు కట్ అయింది, చివరికి బ్యాంకు ద్వారా ఆటోపే ఆపించాల్సి వచ్చింది. మీరు రెండు చోట్లా ఆపించండి. మలం శాంపిల్‌లో బాక్టీరియాతో పాటు మన డీఎన్ఏ కూడా ఉంటుంది కాబట్టి, శాంపిల్‌నీ డేటానీ తీసేయమని ఈమెయిల్ పెట్టి, తీసేసినట్టు జవాబు వచ్చేదాకా వదలకండి.